బ్రౌన్ అడవికి, ఫీనిక్స్ పట్నానికి: రెండు ప్రయాణాలూ ఒకటేనా?

మార్జిన్_గీతలు
ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం చదువుతున్నాను. మొన్నటి అంతర్గత పరీక్షలో అమెరికన్ రచయిత హాథార్న్ రాసిన 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్' కథనూ, అమెరికన్ రచయిత్రి యుడోరా వెల్టీ రాసిన 'ఎ వోర్న్ పాత్' కథనూ పక్కపక్కన పెట్టి, వాటిలోని ప్రయాణాలు దేనికి ప్రతీకలో పోల్చి రాయమన్నారు. గైడులోని జవాబు అందరికీ కంఠతా వచ్చినదే: రెండూ అమాయకత్వం నుంచి అనుభవానికి సాగిన ప్రయాణాలు, అడవి అజ్ఞానానికి గుర్తు, దారి జీవితానికి గుర్తు. నేను అలా రాయలేదు. వెల్టీ కథలో నూరేళ్లకు దగ్గరపడిన ముసలామె ఫీనిక్స్‌కు పోగొట్టుకోవడానికి అమాయకత్వం ఎక్కడ మిగిలి ఉంటుందని, పైగా ఆమె ఆ దారిన నడవడం మొదటిసారి కాదు కదా అని రాశాను. ఇరవైకి ఏడు మార్కులు వేసి, పక్కన ఎర్రసిరాతో 'విషయం నుంచి పక్కకు వెళ్లారు' అని రాశారు. మార్కుల సంగతి వదిలేస్తాను. నేను నిజంగా పక్కకు వెళ్లానా, లేక గైడే పక్కకు వెళ్లిందా అన్నది మీరు చెప్పాలి.

గోడగడియారం
ప్రయాణం గురించి రాయమంటే పక్కదారి పట్టారన్నమాట. దానికైనా రెండు మార్కులు కలపాల్సింది.

చీరాల_గాలి
రెండు కథలూ చదవని వాళ్లం కూడా ఇక్కడ ఉన్నాము. ఎవరైనా నాలుగు ముక్కల్లో కథ చెబితే మేమూ చర్చలో పాల్గొంటాము.

విశ్రాంత_అధ్యాపకుడు
చెబుతాను. హాథార్న్ కథ 1835లో ఒక పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చింది. పెళ్లయి మూడు నెలలే అయిన బ్రౌన్ అనే యువకుడు, ఒక సాయంత్రం పొద్దు వాలే వేళ సేలం గ్రామంలో భార్య ఫెయిత్‌ను వదిలి అడవిలోకి బయలుదేరుతాడు. ఈ రాత్రికి వెళ్లవద్దని ఆమె బతిమాలుతుంది. ఆమె టోపీకి గులాబీరంగు రిబ్బన్లు ఉంటాయి. అడవిలో పాములా మెలికలు తిరిగిన చేతికర్ర పట్టుకుని ఒక పెద్దమనిషి అతనికోసం ఎదురుచూస్తుంటాడు. అతడు సైతానని మనకు త్వరగానే అర్థమవుతుంది. బ్రౌన్‌కు చిన్నప్పుడు మతపాఠాలు చెప్పిన వృద్ధురాలూ, చర్చి పెద్దా, పాదిరీ అందరూ అదే దారిన సైతాను సభకు వెళుతూ కనిపిస్తారు. చివరకు ఆకాశం నుంచి ఒక గులాబీరంగు రిబ్బను రాలి కొమ్మకు చిక్కుకుంటుంది. సభలో భార్యను చూసి, ఆకాశం వైపు చూడమని అరుస్తాడు. అంతలోనే చుట్టూ ఎవరూ ఉండరు. మర్నాడు ఊరికి తిరిగివస్తే భార్య ఉత్సాహంగా ఎదురొస్తుంది, అతడు పలకరించకుండా ముఖం గంభీరంగా పెట్టి ముందుకు వెళ్లిపోతాడు. బతికినంతకాలం ఎవరినీ నమ్మడు, దిగులుతోనే చనిపోతాడు.

వెల్టీ కథ 1941 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మంత్లీలో అచ్చయింది. డిసెంబరు నెలలో, నేల గడ్డకట్టిన ఒక ఉదయం, ఫీనిక్స్ జాక్సన్ అనే నల్లజాతి ముసలామె తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని, గొడుగు కాడతో చేసుకున్న కర్ర పొడుచుకుంటూ, మిసిసిపీ రాష్ట్రంలోని పైన్ అడవి గుండా నాచెజ్ పట్నానికి నడుస్తుంది. ముళ్లపొద, వాగు మీద దుంగ, ముళ్లకంచె, నల్లకుక్క, తుపాకీ పట్టిన తెల్ల వేటగాడు, వీటన్నిటినీ దాటి వైద్యుడి కార్యాలయానికి చేరేసరికి, ఎందుకు వచ్చిందో మరిచిపోతుంది. కాసేపటికి గుర్తొస్తుంది: రెండు మూడేళ్ల కింద క్షారం మింగి గొంతు కాల్చుకున్న మనవడికి మందు తీసుకువెళ్లాలి. మందు తీసుకుని మెట్లు దిగడంతో కథ ముగుస్తుంది.

చీరాల_గాలి
ధన్యవాదాలు. ఎందుకు వచ్చిందో మరిచిపోవడం దగ్గర నేను ఆగిపోయాను. మా నాయనమ్మ మందుల దుకాణం ముందు చీటీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడేది. దుకాణదారు అడిగినకొద్దీ ఇంకా కంగారు పడేది. కాసేపు బల్ల మీద కూర్చోబెడితే తనంతట తనకే గుర్తొచ్చేది.

గోడగడియారం
సేలం అనగానే మామిడిపళ్ల ఊరు గుర్తొచ్చింది. తమిళనాడులో సైతాను సభలు ఎప్పుడు జరిగాయా అని కంగారు పడ్డాను.

ఎదురుగాలి
మార్జిన్_గీతలు గారి అభ్యంతరం సగమే సరైనది. 'అమాయకత్వం నుంచి అనుభవానికి' అన్న మాట ఫీనిక్స్‌కు సరిపోదన్నది నిజం. అయితే బ్రౌన్‌కు మాత్రం సరిపోతుందా? అతడు అమాయకుడిగా బయలుదేరలేదు. ఆ రాత్రి చేయబోయే పని మంచిది కాదని తెలిసే బయలుదేరాడు. ఈ ఒక్క రాత్రి అయ్యాక భార్య కొంగు పట్టుకుని స్వర్గానికి పోతానని మనసులో అనుకుంటాడు. 'ఈ ఒక్కసారికే' అనుకునేవాడు అమాయకుడు కాడు, లెక్క చూసుకున్నవాడు.

విశ్రాంత_అధ్యాపకుడు
బాగా పట్టుకున్నారు. దానికి నేను ఒకటి చేరుస్తాను. బ్రౌన్ అడవిలో అడుగుపెట్టినప్పుడు హాథార్న్ దారిని వర్ణించిన తీరు గమనించండి. చెట్లు ఆ సన్నని బాటకు అతికష్టం మీద చోటిచ్చి, మనిషి దాటగానే వెనక మళ్లీ మూసుకుపోతాయి. రిబ్బను దొరికాక అతడు పిచ్చిగా పరుగెత్తినప్పుడు దారి క్రమంగా మసకబారి, చివరకు పూర్తిగా మాయమై, అతణ్ని చీకటి నడుమ వదిలేస్తుంది. వెల్టీ కథకు పేరే నలిగిన బాట. ఎన్నోసార్లు నడవడం వల్ల ఏర్పడిన దారి అది. కథ మొదట్లో ఫీనిక్స్ చెట్ల మధ్య నడుస్తూ నక్కలనూ, గుడ్లగూబలనూ, పురుగులనూ, కుందేళ్లనూ పక్కకు తప్పుకోమని హెచ్చరిస్తుంది. చిన్న పిట్టలనైతే తన కాళ్ల కింద పడవద్దంటుంది. బ్రౌన్ మాత్రం ప్రతి చెట్టు వెనకా ఒక దుష్టుడైన ఇండియన్, అంటే అమెరికా ఆదివాసి, దాగి ఉంటాడేమోనని వణుకుతాడు. ఈ రెండు నడకలను ఒకే వాక్యంలో ఇరికించి 'జీవితయాత్ర' అనడం బద్ధకం.

దక్షిణాది_దారులు
నేను పదేళ్లుగా టెన్నెసీలో ఉంటున్నాను. కథలో వచ్చే నాచెజ్ ట్రేస్ అనే పాత బాట ఇప్పుడు నాచెజ్ నుంచి నాష్‌విల్ దగ్గరి దాకా 444 మైళ్ల పార్క్‌వే. అందులో లారీలను అనుమతించరు, గంటకు 50 మైళ్లు దాటి నడపకూడదు. పోర్ట్ గిబ్సన్ ఊరి దగ్గర పాత కాలిబాట ముక్క ఒకటి అలాగే ఉంచారు. దాన్ని సంకెన్ ట్రేస్ అంటారు. కారు ఆపి దిగితే నేల లోపలికి దిగినట్టే ఉంటుంది: రెండు పక్కలా మనిషి ఎత్తు దాటిన మట్టిగోడలు, వాటిలోంచి బయటికి వేలాడే చెట్ల వేళ్లు, పైన కొమ్మల పందిరి. అక్కడిది గాలి మోసుకొచ్చి పేర్చిన మెత్తటి మట్టి కాబట్టి, మనుషుల కాళ్లూ గుర్రాల గిట్టలూ బండిచక్రాలూ వందల ఏళ్లు దాన్ని తొలుచుకుపోయాయి. మా అబ్బాయి గోడ మీద వేలితో గీస్తే మట్టి పొడిలా రాలింది. ఆ రోజు నుంచి నాకు ఆ కథ పేరు ప్రతీకగా కాక, కొలవగలిగిన లోతుగా గుర్తుంటోంది.

మార్జిన్_గీతలు
ఈ వివరం ముందే తెలిసి ఉంటే జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టేదాన్ని.

అనువాద_కష్టాలు
నేను హాథార్న్ కథను రెండుసార్లు తెలుగు చేయబోయి రెండుసార్లూ భార్య పేరు దగ్గరే ఆగిపోయాను. ఆలస్యమైందేమని సైతాను అడిగితే, ఫెయిత్ కాసేపు ఆపిందని బ్రౌన్ జవాబిస్తాడు. ఆపింది భార్యా, విశ్వాసమా? ఆ ఒక్క మాట మీదే కథంతా నడుస్తుంది. తరవాత అడవిలో 'నా ఫెయిత్ పోయింది' అని అరిచినప్పుడు రెండు అర్థాలూ ఒకేసారి వినబడాలి. 'విశ్వాసం' ఆడపిల్ల పేరు కాదు. 'శ్రద్ధ' పేరూ అవుతుంది, సంస్కృతంలో అర్థమూ అదే. కానీ తెలుగులో శ్రద్ధ అంటే ఏకాగ్రతతో చదువుకోవడం అయిపోయింది.

గోడగడియారం
'నాకు శ్రద్ధ పోయింది' అంటే బ్రౌన్ పరీక్ష తప్పాడని అనుకుంటారు.

అనువాద_కష్టాలు
నవ్వులాటకే అన్నా నా కష్టం సరిగ్గా అదే. 'గుడ్‌మన్' కూడా పేరు కాదని చాలామందికి తెలియదు. జెంటిల్‌మన్ స్థాయికి చేరని గృహస్థును పిలిచే పిలుపు అది. ఆడవారికి గుడ్‌వైఫ్, దాన్ని కుదించి గుడీ అనేవారు. 'మంచివాడు బ్రౌన్' అని తెలుగు చేసిన ప్రతిని నేను చూశాను. వెల్టీ కథలో ఇంకో రకం చిక్కు ఉంది. వేటగాడు ఫీనిక్స్‌ను 'గ్రానీ' అంటాడు, కార్యాలయంలో ఒకామె 'గ్రాండ్‌మా' అంటుంది, నర్సు 'ఆంట్ ఫీనిక్స్' అంటుంది. వీటిని అవ్వ, మామ్మ, పెద్దమ్మ అని మారిస్తే మన చెవికి ఎంతో గౌరవంగా వినిపిస్తాయి. ఆ కాలపు దక్షిణ రాష్ట్రాల్లో అవి గౌరవాలు కావు. నల్లజాతి స్త్రీని 'మిసెస్ జాక్సన్' అని పిలవడం ఇష్టం లేని తెల్లవాళ్లు వాడిన పిలుపులవి. మన వరసలు కలిపితే ఆ అవమానం మాయమైపోతుంది.

ఎదురుగాలి
ఇదే నా అసలు ఫిర్యాదు. మీరంతా ఫీనిక్స్ నడకను తీర్థయాత్రలా పూజిస్తున్నారు. నర్సు ఏమంటుందో చూడండి: ఆమె వచ్చి తీసుకువెళ్లినంతకాలం మందు ఇవ్వమని వైద్యుడు చెప్పాడట. ఇచ్చాక పుస్తకంలో 'ధర్మం' అని టిక్కు పెడుతుంది. అంటే నూరేళ్ల ముసలిది నడవలేకపోయిన రోజున మందు ఆగిపోతుంది. ఈ దారి అరిగింది ప్రేమ వల్లే కాదు, ధర్మాసుపత్రి పెట్టిన షరతు వల్ల కూడా. ఒక తెల్ల రచయిత్రి ఓర్పుగల నల్ల ముసలామెను సృష్టించి, ఆ ఓర్పును మనచేత మెప్పిస్తే, మనం షరతు సంగతి మరిచిపోతాము.

విశ్రాంత_అధ్యాపకుడు
షరతును మరిచిపోకూడదన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆ షరతును మీకు చూపించింది వెల్టీయే కదా. టిక్కు పెట్టడాన్ని ఆమె రాయకపోతే మీ ఫిర్యాదుకు ఆధారమే ఉండేది కాదు. ఫీనిక్స్ ఒట్టి ఓర్పుగల మనిషి కూడా కాదు. వేటగాడి జేబులోంచి అయిదు సెంట్ల నాణెం జారిపడితే, అతణ్ని కుక్క మీదికి ఉసిగొల్పి, నెమ్మదిగా వంగి, గుడ్డు కింద వేళ్లు పెట్టినంత సుతారంగా దాన్ని తీసి దాచుకుంటుంది. అంతలో ఒక పిట్ట ఎగిరిపోతే, దేవుడు చూస్తూనే ఉన్నాడని, తాను దొంగతనానికి దిగానని అనుకుంటుంది. దేవుడు చూస్తున్నాడన్న ఎరుక ఇద్దరికీ ఉంది. బ్రౌన్ తన పాపాన్ని ఊరందరిలో చూసి జీవితాంతం వాళ్లను దూరం పెడతాడు. ఈమె తన పాపాన్ని తనలో చూసుకుని, ముందుకు నడుస్తుంది.

ఎదురుగాలి
సరే, ఆ నాణెం దగ్గర నేను తగ్గుతాను. షరతు దగ్గర తగ్గను.

చెవి_ముక్కు_గొంతు
వృత్తిరీత్యా ఒక మాట. క్షారం మింగిన పిల్లల అన్నవాహిక లోపలి పొర కరిగిపోయి, మానేటప్పుడు మచ్చకట్టి కుంచించుకుపోతుంది. మళ్లీమళ్లీ సాగదీయాల్సి వస్తుంది, ఒక్కసారితో తేలే రోగం కాదు. ఆ రోజుల్లో అమెరికా ఇళ్లలో సబ్బు వండడానికీ, గిన్నెలు తోమడానికీ వాడే క్షారం డబ్బాలు పిల్లలకు అందేచోట ఉండేవి. ఫిలడెల్ఫియాలో చెవాలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు ఏళ్ల తరబడి పోరాడితే, 1927లో ఆ డబ్బాల మీద విషమని ముద్ర వేయాలన్న చట్టం వచ్చింది. ఇంటిపేరు కలవడం కాకతాళీయమే కావచ్చు. కథలో చదువురాని ఇంటికి ఆ ముద్ర ఉన్నా లేకున్నా ఒకటే. మనవడి గొంతు ఉండుండి మూసుకుపోతుందనీ, అప్పుడు మందుకోసం బయలుదేరుతాననీ ఆమె చెప్పిన తీరు వైద్యం ప్రకారం నమ్మదగినదే. అందుచేత ఆమె ప్రయాణం ఆచారంలా తిరిగితిరిగి రావడానికి కారణం రోగంలోనే ఉంది.

దక్షిణాది_దారులు
చదువు సంగతి వచ్చింది కాబట్టి వయసు లెక్క చూద్దాము. సరెండర్ నాటికే బడికి వెళ్లే వయసు దాటిందని ఫీనిక్స్ నర్సుతో అంటుంది. సరెండర్ అంటే అమెరికా అంతర్యుద్ధం చివర 1865లో దక్షిణాది సైన్యాలు లొంగిపోవడం. అప్పటికి పదిహేనేళ్లనుకున్నా, కథ అచ్చయిన నాటికి తొంభై దాటుతుంది. అంటే ఆమె బానిసగా పుట్టింది. ఆ మాట కథలో ఎక్కడా నేరుగా లేదు.

విశ్రాంత_అధ్యాపకుడు
బ్రౌన్ కథకూ అలాంటి లెక్కే ఉంది. ఇంగ్లండును ఏలిన విలియం రాజు దర్బారు ప్రస్తావన వస్తుంది కాబట్టి 1689 తరవాతి మాట. తాత క్వేకరు అనే మతశాఖకు చెందిన స్త్రీని సేలం వీధుల్లో కొరడాతో కొట్టినప్పుడూ, తండ్రి ఇండియన్లతో జరిగిన కింగ్ ఫిలిప్ యుద్ధంలో వాళ్ల పల్లెకు నిప్పు పెట్టినప్పుడూ తాను తోడున్నానని సైతాను గుర్తుచేస్తాడు. 1692లో అక్కడే మంత్రగత్తెలంటూ పందొమ్మిది మందిని ఉరితీశారు. విచారణ జరిపిన వారిలో జాన్ హాథార్న్ ఒకడు, రచయితకు పూర్వీకుడు. కథలోని క్లోయ్స్, కోరీ, క్యారియర్ అన్న ఇంటిపేర్లు ఆనాటి నిందితులవే. ఫీనిక్స్ దారి వెనక బానిసత్వం ఉంటే, బ్రౌన్ దారి వెనక కొరడా పట్టిన చేతులున్నాయి. అతడు అడవిలో కలుసుకున్నది పరాయివాణ్ని కాదు. ఆ పెద్దమనిషి చూడడానికి తండ్రిలా ఉంటాడని హాథార్న్ ముందే రాశాడు.

చీరాల_గాలి
ఇంతకీ ఆ మనవడు బతికే ఉన్నాడా? కథ తెరిచి చూశాను. మనవడి సంగతి నర్సు అడిగినప్పుడు ముసలామె రాయిలా కూర్చుందంటే నాకు అనుమానం వచ్చింది.

మార్జిన్_గీతలు
మీరొక్కరే కాదు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ తనను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న అదేనని వెల్టీ స్వయంగా 1974లో ఒక వ్యాసం రాసింది. ఫీనిక్స్ బతికి ఉంది, వెళుతూ ఉంటుంది, కథకు అదే ముఖ్యమన్నది దాని సారాంశం. మీ ప్రశ్న చూశాకే నాకు ఒకటి తట్టింది. హాథార్న్ కథ చివర కూడా ఇలాంటి ప్రశ్నే ఉంది: బ్రౌన్ అడవిలో నిద్రపోయి కలగన్నాడా? మీకు అలా కావాలంటే అలాగే అనుకోండి అంటాడు రచయిత. రెండు కథలూ పాఠకుణ్ని సందేహంలోనే వదిలేస్తాయి, జవాబు అవసరం లేదంటాయి. కానీ చూసింది కలో నిజమో తేలకపోయినా బ్రౌన్ భార్యను నమ్మడం మానేశాడు. మనవడు ఉన్నాడో లేడో మనకు తేలకపోయినా ఫీనిక్స్ నడవడం మానదు. నేను పోల్చాల్సింది దీన్నే అనిపిస్తోంది.

విశ్రాంత_అధ్యాపకుడు
ఇది రాసి ఉంటే నేను ఇరవైకి పదిహేడు ఇచ్చేవాణ్ని.

ఎదురుగాలి
నేను పద్నాలుగు ఇస్తాను. షరతు గురించి ఒక పేరా చేరిస్తే పదహారు.

అనువాద_కష్టాలు
ఇంట్లోనే ఉండిపొమ్మని ఇద్దరికీ చెబుతారు, గమనించారా? బ్రౌన్‌కు భార్య ప్రేమతో చెబుతుంది. ఫీనిక్స్‌కు వేటగాడు, తుపాకీ ఆమెకు గురిపెట్టి దించాక, ఇంటిపట్టున ఉంటే ఏమీ కాదని సలహా ఇస్తాడు. వినవలసిన మాటను అతడు వినలేదు, వినకూడని మాటను ఈమె వినలేదు.

గోడగడియారం
ఇప్పటిదాకా చలోక్తులే వేశాను కాబట్టి నిన్న రాత్రి కూర్చుని వెల్టీ కథ మొత్తం చదివాను. ఒక చిల్లర లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ సలహాకు ముందే వేటగాడు, తన దగ్గర డబ్బేమైనా ఉంటే ఆమెకు ఒక డైము ఇచ్చేవాణ్నని అంటాడు. అతడి జేబులోంచి రాలిన నాణెం అప్పటికే ఆమె జేబులో ఉంది. తరవాత కార్యాలయంలో ఒకామె పండగపూట కొన్ని పెన్నీలు ఇవ్వమంటారా అని అడిగితే, అయిదు పెన్నీలు ఒక నికెల్ అవుతుందని ఫీనిక్స్ బిగుసుకుని అంటుంది. అడిగినామె నికెల్ ఇస్తుంది. దొంగిలించిన అయిదూ, ధర్మంగా వచ్చిన అయిదూ కలిపితే పది సెంట్లు, అంటే ఒక డైము. వాటిని పక్కపక్కన పెట్టి చూసుకుని, మనవడికి కాగితపు గాలిమర కొనడానికి మెట్లు దిగుతుంది. వేటగాడు ఇస్తానన్నదీ, ఇవ్వకుండా తప్పించుకున్నదీ సరిగ్గా అంతే.

చీరాల_గాలి
గాలిమరను తిరుగుదారి పొడవునా చేత్తో నిటారుగా పట్టుకుని వెళతానంటుంది కదా. రెండో చేతిలో గొడుగు కర్ర ఉంటుంది. మరి వాగు మీద దుంగ ఎలా దాటుతుంది?

గోడగడియారం
వచ్చేటప్పుడు కళ్లు మూసుకునే దాటిందండీ.